ఇవ్వని ఆమోదముద్రే అసలు బలం

2025 సెప్టెంబరు మధ్యలో కాఠ్‌మాండూలోని నేపాల్ సుప్రీంకోర్టు ఆవరణలో గుడారాలు వెలిశాయి. ఆ నెల 9న చెలరేగిన ఆందోళనల్లో పార్లమెంటు భవనం, సింహ దర్బారుతో పాటు దేశ సర్వోన్నత న్యాయస్థానమూ తగలబడింది. ఏళ్ల తరబడి పోగుపడిన కేసుల దస్త్రాలు బూడిదయ్యాయి. కొద్దిరోజులకే న్యాయమూర్తులు ఆ గుడారాల కింద కూర్చుని పని మొదలుపెట్టారు. ఆ కోర్టుకే ఒకప్పుడు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న సుశీలా కార్కీ 12వ తేదీన తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. 2026 మార్చి 5న ఎన్నికలు జరపాలని నిర్ణయం వెలువడింది.

ఇరవై ఏళ్లుగా ప్రజాస్వామ్య సంస్కరణల పేరిట ఐక్యరాజ్యసమితి, దాత దేశాలు, ఆర్థిక సంస్థలు ఇంతగా దృష్టి పెట్టిన దేశం దక్షిణాసియాలో మరొకటి అరుదు. శాంతి ఒప్పందం, రాజ్యాంగ సభ, ఎన్నికలు, పోలీసులకూ న్యాయాధికారులకూ శిక్షణ, మానవ హక్కుల పర్యవేక్షణ... అన్నీ అక్కడ జరిగాయి. అయినా రెండే రోజుల్లో ప్రభుత్వం కూలింది, డెబ్బై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి బయటి సంస్థల వల్ల ఒరిగేదేమీ లేదని తేల్చేయడం సులువు. అవి లేకుంటే ఇంకా ఘోరం జరిగేదని వాదించడమూ సులువే. నేపాల్ అనుభవాన్ని దగ్గరగా చూస్తే ఈ రెండు వాదనలూ నిలవవు. అక్కడ అంతర్జాతీయ సంస్థలు ఇచ్చినవాటిలో చాలా భాగం కరిగిపోయింది. ఇవ్వడానికి నిరాకరించిన ఒక్కటి మాత్రం నిలిచింది.

లెక్కపెట్టిన చేతులు

1996లో మొదలైన మావోయిస్టు యుద్ధం 2006 వరకు సాగింది. కనీసం 13 వేల మంది మరణించారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నమోదు చేసింది. ప్రభుత్వ లెక్క 17 వేలు దాటింది. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర పాలనాధికారాన్నంతా చేతుల్లోకి తీసుకున్నప్పుడు ప్రపంచ దేశాల నుంచి ఒత్తిడి పెరిగింది. జెనీవాలో మానవ హక్కుల కమిషన్ ఎదుట దోషిగా నిలబడాల్సి వస్తుందన్న భయంతోనే ఆయన ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయాన్ని దేశంలోకి అనుమతించింది. ఇయాన్ మార్టిన్ సారథ్యంలో ఆ కార్యాలయ సిబ్బంది జిల్లాలు తిరిగారు, జైళ్లకూ సైనిక శిబిరాలకూ వెళ్లారు. కాఠ్‌మాండూలోని మహారాజ్‌గంజ్ సైనిక శిబిరంలో నిర్బంధానికి గురై 2003 తర్వాత జాడ తెలియకుండా పోయిన 49 మంది గురించి 2006 మేలో వెలువడిన నివేదిక ఆ కృషి ఫలితమే. రాజ్యం తన రాజధానిలోనే మనుషులను మాయం చేసిందని అధికారికంగా కాగితం మీదికెక్కడం ఆ దేశానికి కొత్త.

2006 నవంబరు 21న సమగ్ర శాంతి ఒప్పందం కుదిరింది. 2007 జనవరి 23న భద్రతామండలి 1740వ తీర్మానంతో నేపాల్ మిషన్‌ను ఏర్పాటు చేసింది. దానికి శాంతిసేన లేదు, పాలనాధికారం లేదు. పరిమిత కాలం, పరిమిత బాధ్యత. 28 శిబిరాల్లోకి చేరిన మావోయిస్టు సైనికులను నమోదు చేయాలి, ఆయుధాలను పెట్టెల్లో పెట్టించి కాపలా కాయాలి, రాజ్యాంగ సభ ఎన్నికలకు సాంకేతిక సాయం అందించాలి. పెట్టెల తాళాలు మావోయిస్టుల దగ్గరే ఉండేవి, కెమెరాలూ అలారాలూ ఐక్యరాజ్యసమితివి. నేపాల్ సైన్యం కూడా అంతే సంఖ్యలో తన ఆయుధాలను పెట్టెల్లో ఉంచింది. ఎవరూ లొంగిపోయినట్టు కాలేదు, ఎవరూ గెలిచినట్టూ కాలేదు. ఆ ఏర్పాటు విలువంతా అక్కడే ఉంది.

దీని విలువ తెలుగువారికి విడమరచి చెప్పాల్సిన పని లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2004 అక్టోబరులో, హైదరాబాద్‌లో ప్రభుత్వమూ నక్సలైట్ పార్టీలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్ల తరబడి ఓర్పుతో చేసిన ప్రయత్నమే ఆ చర్చలకు దారి వేసింది. అయితే చర్చలు ఆయుధాల ప్రశ్న దగ్గరే ఇరుక్కున్నాయి. 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుంచి వైదొలిగారు, మళ్లీ ఎదురుకాల్పుల వార్తలు మొదలయ్యాయి. శంకరన్‌కు అపారమైన నైతిక అధికారం ఉండేది. కానీ ఏ పక్షం మాట తప్పిందో తేల్చి, ఆ తీర్పును ఇరువర్గాల చేతా ఒప్పించగల మూడో వ్యవస్థ లేదు. నేపాల్‌లో మావోయిస్టులు గ్రామీణ ప్రాంతంలో చాలా భాగాన్ని శాసించారు, రాజరికం ఒంటరైంది. ఆంధ్రప్రదేశ్ పరిస్థితి అది కాదు. రెండింటినీ ఒకే త్రాసులో తూచలేం. అయినా ఆయుధాల చిక్కుముడిని ఎవరికీ తలవంపు లేకుండా విప్పడానికి నిష్పాక్షికమైన లెక్కల మనిషి అవసరమన్న సంగతి ఈ రెండు అనుభవాలూ చెబుతాయి.

ఆ లెక్క కూడా నిర్దోషమైనదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి తనిఖీలో 19,602 మంది మావోయిస్టు సైనికులుగా అర్హత పొందారు. మైనర్లు, ఆలస్యంగా చేరినవారు కలిపి నాలుగు వేల మందికి పైగా అనర్హులయ్యారు. 2009 మేలో ఒక వీడియో బయటపడింది. తమ అసలు బలం ఏడెనిమిది వేలేనని, సంఖ్యను పెంచి చూపామని ప్రచండ తన శిబిరంలోని వారికి చెప్పుకున్న దృశ్యం అది. మిషన్ నిష్పాక్షికత మీద కాఠ్‌మాండూలోనూ ఢిల్లీలోనూ అనుమానాలు ముదిరాయి. 2011 జనవరి 15న మిషన్ సామాను సర్దుకుని వెళ్లిపోయింది. సైనికుల భవితవ్యం అప్పటికి తేలనేలేదు.

అయినా దేశం తిరిగి యుద్ధంలోకి జారలేదు. 2011 నవంబరు 1న పార్టీలు ఏడంశాల ఒప్పందానికి వచ్చాయి. 2012 ఏప్రిల్‌లో శిబిరాలు సైన్యం ఆధీనంలోకి వెళ్లాయి. పోరాటయోధుల్లో అత్యధికులు నగదు తీసుకుని ఇళ్లకు వెళ్లారు, సుమారు 1,400 మందే సైన్యంలో చేరారు. ఈ ముగింపు నేపాలీయులు స్వయంగా రాసుకున్నది. బయటి సంస్థ సమయం కొనిపెట్టింది. ఆ సమయాన్ని వాడుకున్నది ఇంటివాళ్లు.

అరవై రోజుల వాగ్దానం

శాంతి ఒప్పందంలో మరో వాగ్దానం ఉంది. యుద్ధకాలంలో మరణించినవారి, అదృశ్యమైనవారి వివరాలను అరవై రోజుల్లో వెల్లడిస్తామని ఇరుపక్షాలూ రాసి సంతకం చేశాయి. అరవై రోజులు కాదు, పద్దెనిమిదేళ్లు దాటినా ఆ వివరాలు బయటికి రాలేదు. కారణం చిత్రమైనదేమీ కాదు. యుద్ధంలో పరస్పరం చంపుకున్న రెండు వర్గాలూ శాంతి తర్వాత వంతులవారీగా అధికారంలోకి వచ్చాయి. విచారణ జరగకపోవడమే ఇద్దరికీ లాభం. శత్రువులు మిత్రులైనప్పుడు మొదట బలయ్యేది సాక్ష్యమే.

ఈ మౌన ఒడంబడికకు ఎదురు నిలిచినవారిలో మొదటివారు బాధితులు, రెండోది సుప్రీంకోర్టు. 83 హెబియస్ కార్పస్ పిటిషన్లను కలిపి విచారించిన కోర్టు, 2007 జూన్ 1న, మనుషులను మాయం చేయడాన్ని నేరంగా ప్రకటించే చట్టం తేవాలని, అంతర్జాతీయ ప్రమాణాలకు తగిన విచారణ కమిషన్ వేయాలని, బాధిత కుటుంబాలకు తక్షణ సాయం అందించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. నేపాల్ ఇంకా అంగీకరించని అంతర్జాతీయ ఒడంబడికలోని సూత్రాలను సైతం కోర్టు తన తీర్పులో ఆధారం చేసుకుంది. జెనీవాలో తయారైన వాక్యానికి కాఠ్‌మాండూలో చట్టబలం దొరికింది.

ప్రభుత్వాలు ఆ ఆదేశాన్ని నాన్చి నాన్చి 2014లో ఒక చట్టం తెచ్చాయి. సత్య నిరూపణ, మేళన కమిషన్, అదృశ్యమైనవారిపై విచారణ కమిషన్ దాని కింద ఏర్పడాలి. పేర్లు గంభీరమైనవే. లోపల మాత్రం తీవ్ర నేరాలకు సైతం క్షమాభిక్షను సిఫారసు చేసే అధికారం కమిషన్‌కు దఖలు పడింది. 234 మంది బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 ఫిబ్రవరి 26న కోర్టు ఆ నిబంధనలను కొట్టివేసింది. బాధితుల సమ్మతి లేకుండా మేళనం కుదరదని, ఘోర నేరాలకు క్షమాభిక్ష చెల్లదని తేల్చింది. ప్రభుత్వం వేసిన పునఃసమీక్ష పిటిషన్ సైతం 2020 ఏప్రిల్‌లో వీగిపోయింది.

ఐక్యరాజ్యసమితి తీసుకున్న అసలైన నిర్ణయం ఈ దశలోనిదే. ఘోరమైన హక్కుల ఉల్లంఘనలకు క్షమాభిక్ష పెట్టే ప్రక్రియలకు సహకరించకూడదన్నది ఆ సంస్థ విధానం. చట్టాన్ని సుప్రీంకోర్టు తీర్పుకు అనుగుణంగా సవరించేదాకా ఆ కమిషన్లకు తోడ్పాటు ఇవ్వలేమని అది స్పష్టం చేసింది. నిపుణులను పంపలేదు, తన పేరు వాడుకోనివ్వలేదు. కమిషన్లు మాత్రం నడిచాయి. ఒక కమిషన్‌కు 63 వేలకు పైగా, మరోదానికి మూడు వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. ఏళ్లు గడిచినా ఒక్క నేరస్థుడికీ శిక్ష పడలేదు. ప్రభుత్వాలు గడువులు పొడిగిస్తూ పోయాయి తప్ప, ‘ఇక అంతా ముగిసింది, ప్రపంచం కూడా ఒప్పుకుంది’ అని చెప్పుకోలేకపోయాయి. ఆ ఒక్క మాట చెప్పనివ్వకపోవడమే బాధితులకు మిగిలిన రక్షణ.

నిరాకరణ మరో రూపంలోనూ పనిచేసింది. కాభ్రే జిల్లాకు చెందిన 15 ఏళ్ల బాలికను 2004 ఫిబ్రవరిలో సైనికులు ఇంటి నుంచి పట్టుకెళ్లారు. చిత్రహింసలతో ఆమె శిబిరంలోనే చనిపోయింది. సైనిక కోర్టు ఆ అధికారులకు వేసింది ఆరు నెలల శిక్ష. కేసులో నిందితుడైన ఒక అధికారి ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భాగంగా చాద్ దేశంలో ఉన్నట్టు తెలిసి 2009 డిసెంబరులో ఆయన్ను వెనక్కి పంపేశారు. 2017లో జిల్లా కోర్టు ఆయనను నిర్దోషిగా వదిలింది, మిగిలిన ముగ్గురు అధికారులకు వారు హాజరు కాకుండానే జీవితఖైదు విధించింది. శాంతిసేనకు అధికంగా సైనికులను పంపే దేశాల్లో నేపాల్ ఒకటి. నీలి టోపీ అక్కడి సైనికుడికి ఆదాయం, గౌరవం రెండూ. ఆ టోపీని ఇవ్వకపోవడమన్నది కాఠ్‌మాండూ సైనిక ప్రధాన కార్యాలయానికి వంద ప్రకటనల కంటే తేలిగ్గా అర్థమయ్యే భాష. ఆ భాషను ఐక్యరాజ్యసమితి ఎంత అరుదుగా మాట్లాడిందన్నదే విచారకరం.

చివరకు 2024 ఆగస్టులో నేపాల్ పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అత్యాచారం, ఉద్దేశపూర్వక హత్య, బలవంతపు అదృశ్యం, క్రూరమైన చిత్రహింస క్షమాభిక్షకు అందని నేరాలయ్యాయి. ప్రత్యేక కోర్టుకు చోటు దొరికింది. అన్ని లోపాలూ తొలగిపోలేదు. శిక్షను 75 శాతం దాకా తగ్గించే వెసులుబాటు మీద హక్కుల సంఘాల అభ్యంతరం సబబైనదే. అయినా 2014 నాటి చట్టానికీ దీనికీ మధ్య దూరం చిన్నది కాదు. ఆ దూరాన్ని నడిపించింది శిక్షణ తరగతులు కావు. కోర్టు తీర్పు ముందు నడిచింది, బాధితుల పట్టుదల దాన్ని మోసింది, ఆమోదముద్ర వేయని అంతర్జాతీయ సంస్థ వెనక్కి వెళ్లే దారిని మూసి ఉంచింది.

కొలంబో సంతకం

శ్రీలంకలో ఇందుకు భిన్నంగా జరిగింది. 2015 అక్టోబరు 1న జెనీవాలోని మానవ హక్కుల మండలి 30/1 తీర్మానాన్ని ఆమోదించింది. అప్పటి శ్రీలంక ప్రభుత్వం స్వయంగా దానికి సహ ప్రతిపాదకురాలు. సత్య కమిషన్, అదృశ్యమైనవారి కార్యాలయం, పరిహార కార్యాలయం, విదేశీ న్యాయమూర్తుల భాగస్వామ్యంతో ప్రత్యేక న్యాయ వ్యవస్థ... ఇన్ని హామీలు ఒకే కాగితంలో ఇమిడాయి. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆమోదముద్ర ముందే పడింది, పని తర్వాత చేయాల్సి ఉంది.

అదృశ్యమైనవారి కార్యాలయం, పరిహార కార్యాలయం వచ్చాయి. ప్రత్యేక కోర్టు రానేలేదు. ప్రభుత్వం మారగానే 2020 ఫిబ్రవరిలో కొలంబో ఆ తీర్మానం నుంచి వైదొలిగింది. మరుసటి నెలలోనే, 2000 నాటి మిరుసువిల్ హత్యాకాండలో పిల్లలతో సహా ఎనిమిది మంది తమిళుల ప్రాణాలు తీసిన సైనికుడికి అధ్యక్షుడు గోటబాయ రాజపక్స క్షమాభిక్ష పెట్టారు. అతడి మరణశిక్షను సుప్రీంకోర్టు సమర్థించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. దేశంలోని కోర్టులు ఇరవై ఏళ్లు శ్రమించి సాధించిన అరుదైన శిక్ష ఒక్క సంతకంతో రద్దయింది. జెనీవా ఖండించింది, అంతకుమించి చేయగలిగింది లేకపోయింది. మండలి 2021 మార్చిలో 46/1 తీర్మానంతో సాక్ష్యాలు సేకరించి భద్రపరిచే బాధ్యతను మానవ హక్కుల కార్యాలయానికి అప్పగించింది. అదే 2015లో మొదలైతే ఆరేళ్ల సాక్ష్యం మిగిలేది.

ఒక ప్రభుత్వం విదేశీ వేదిక మీద ఇచ్చే మాట ఎన్నికల దాకా బతుకుతుంది. దేశంలోని కోర్టు తీర్పుగా మారిన మాటకు ఆయువు ఎక్కువ. నేపాల్‌లో క్షమాభిక్షకు అడ్డు నిలిచింది ఆ రెండో రకం మాట. శ్రీలంకలో జెనీవా నమ్ముకున్నది మొదటిదాన్ని.

డబ్బు వినిపించుకునే మాట

హక్కుల మండలి సాధించలేనిది అప్పు సాధిస్తుందనే వాదన ఒకటుంది. దానికీ శ్రీలంకే ఉదాహరణ. దివాలా తీసిన దేశానికి 2023 మార్చి 20న అంతర్జాతీయ ద్రవ్యనిధి దాదాపు 300 కోట్ల డాలర్ల సాయాన్ని మంజూరు చేసింది. దానితో పాటు పాలనా లోపాలపై సమగ్ర పరిశీలన జరిపింది. ఆసియాలో ద్రవ్యనిధి అలాంటి నివేదిక రూపొందించడం అదే మొదటిసారి. ఆ ఏడాదే కొత్త అవినీతి నిరోధక చట్టం వచ్చింది. ఏళ్లుగా పౌర సంఘాలు మొత్తుకున్నా కదలని దస్త్రం వాయిదా సొమ్ము కోసం నెలల్లో కదిలింది.

ఇది చిన్న విజయం కాదు. అయితే అదే మార్చి నెలలో, అదే కొలంబోలో, మరొకటి జరగకుండా పోయింది. 9వ తేదీన జరగాల్సిన స్థానిక సంస్థల ఎన్నికలకు ఖజానా డబ్బు విడుదల చేయలేదు. నిధులు లేవన్నది ప్రభుత్వ సాకు. పోలింగ్ వాయిదా మీద వాయిదా పడింది. చివరకు 2025 మే 6న, రెండేళ్లకు పైగా ఆలస్యంగా, ఓటర్లు పోలింగ్ కేంద్రాలకు వెళ్లగలిగారు. ఈలోగా 2024 ఆగస్టులో శ్రీలంక సుప్రీంకోర్టు, ఎన్నికలు జరపకపోవడం పౌరుల ప్రాథమిక హక్కుల ఉల్లంఘనేనని తీర్పు చెప్పింది. పొదుపు చేస్తున్నామన్న మాట అప్పు ఇచ్చినవారికి వినసొంపుగా ఉంటుంది. ఓటు హక్కు ఆగిపోయిందన్న ఫిర్యాదు విన్నది దేశంలోని కోర్టు. ఆర్థిక సంస్థ తన పద్దులో ఉన్న సంస్కరణను రాబట్టగలదు, పద్దులో లేని ప్రజాస్వామ్యాన్ని చూడదు.

ఎంపిక చేసుకున్న నీతి

అంతర్జాతీయ సంస్థల పట్ల అనుమానం అకారణమైనది కాదు. 2009 మేలో శ్రీలంక యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, ముల్లివాయిక్కాల్ తీరంలో శవాల లెక్క తేలకముందే, ఇదే మానవ హక్కుల మండలి 29 ఓట్లతో శ్రీలంక ప్రభుత్వాన్ని మెచ్చుకునే తీర్మానం చేసింది. ఆ 29లో భారత్ ఓటూ ఒకటి. యుద్ధపు ఆఖరి నెలల్లో ఐక్యరాజ్యసమితి తన బాధ్యతలో వ్యవస్థాగతంగా విఫలమైందని 2012లో చార్లెస్ పెట్రీ నేతృత్వంలోని అంతర్గత సమీక్షే అంగీకరించింది. అంటే అన్యాయంగా వేసిన ఆమోదముద్ర ఎంత హాని చేస్తుందో ఆ సంస్థకు తన చరిత్రే చెబుతుంది.

బలహీన దేశాలకు ఒక న్యాయం, వీటో ఉన్న దేశాలకు, వాటి మిత్రులకు మరో న్యాయం అన్న విమర్శకు సమాధానం లేదు. ఇరాక్ నుంచి గాజా వరకు ఆ గాయం అందరికీ కనబడేదే. కానీ ఆ విమర్శను ఎవరు వాడుకుంటున్నారో కూడా చూడాలి. పెద్ద దేశాల నేరాలు శిక్షపడకుండా పోయాయి కాబట్టి మా నేరాలూ అలాగే పోవాలన్నది ప్రతి నిరంకుశుడి సార్వభౌమత్వ వాదన. కొడుకు జాడ కోసం ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న తల్లికి ఆ వాదనలో ఓదార్పు ఏముంది? వేదిక పక్షపాతంగా ఉన్నంత మాత్రాన ఆమె ఫిర్యాదు అబద్ధమైపోదు.

బంగ్లాదేశ్ ఈ ప్రశ్నకు సరికొత్త ముడి వేసింది. 2024 జులై, ఆగస్టు ఆందోళనల అణచివేతలో 1,400 మంది దాకా మరణించి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరిలో నివేదించింది. ఆ విచారణకు పిలిచింది ఢాకాలోని తాత్కాలిక ప్రభుత్వమే. 2025 నవంబరులో అక్కడి ట్రైబ్యునల్ షేక్ హసీనాకు ఆమె పరోక్షంలో మరణశిక్ష వేసినప్పుడు, బాధితులకు అది ముఖ్యమైన ఘడియ అంటూనే, మరణశిక్ష పట్ల అదే కార్యాలయం విచారం వ్యక్తం చేసింది. నేరాన్ని నమోదు చేస్తుంది, ప్రతీకారానికి ముద్ర వేయదు. ఈ గీతను నిలబెట్టగలిగితేనే ఆ నివేదికకు రేపటి విలువ ఉంటుంది.

ఢిల్లీ ఎదుట అద్దం

ఈ కథలో భారత్ ప్రేక్షకురాలు కాదు. నేపాల్ పార్టీలకూ మావోయిస్టులకూ మధ్య 12 అంశాల అవగాహన 2005 నవంబరులో కుదిరింది ఢిల్లీలోనే. నేపాల్ మిషన్ చిన్నదిగా, తక్కువ కాలం ఉండాలన్నది భారత్ అభిమతం. జెనీవాలో శ్రీలంకపై తీర్మానాలకు 2012, 2013లో అనుకూలంగా ఓటేసిన భారత్ 2014, 2021, 2022లో తటస్థంగా ఉండిపోయింది. ఓటు ఎప్పుడు ఎటు పడిందన్నది తమిళనాడు రాజకీయాలూ చైనాతో పోటీ నిర్ణయించాయి తప్ప, ఉత్తర శ్రీలంకలోని కుటుంబాల కన్నీరు కాదు. 2005లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధికి భారత్ ప్రముఖ దాత. ఇతర దేశాల ఎన్నికల అధికారులకు శిక్షణనిస్తుంది. ఇవి గర్వించదగినవే.

కానీ దాతగా కూర్చున్న దేశం ఇంటి పరిస్థితి ఏమిటి? చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై భారత్ 1997లో సంతకం చేసింది, ధ్రువీకరణ నేటికీ లేదు. అందుకోసం 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు మురిగిపోయింది. ధ్రువీకరించాలని లా కమిషన్ 2017లో చెప్పినా ఫలితం లేదు. బలవంతపు అదృశ్యాల ఒడంబడికదీ 2007 నుంచి అదే గతి. జాతీయ మానవ హక్కుల కమిషన్ స్వతంత్రత మీద సందేహాలతో దాని ‘ఏ’ హోదా పునరుద్ధరణను అంతర్జాతీయ సమాఖ్య 2023లోనూ 2024లోనూ వాయిదా వేసింది. దర్యాప్తుల్లో పోలీసు అధికారుల పాత్ర, సభ్యుల ఎంపిక తీరు ఆ సందేహాల్లో ముఖ్యమైనవి. బయటివారి జోక్యం అని కసురుకోవడం తేలిక. అవే సందేహాలను దేశంలోని హక్కుల కార్యకర్తలు ఎన్నడో లేవనెత్తారన్నది మరచిపోవడం ఇంకా తేలిక.

నేపాల్ సుప్రీంకోర్టు 2007లో చేసిన పనికి భారత్‌లోనూ పూర్వోదాహరణ ఉంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టమేదీ లేని రోజుల్లో, 1997 నాటి విశాఖ తీర్పులో, భారత సుప్రీంకోర్టు మహిళలపై వివక్ష నిర్మూలన ఒడంబడికను ఆధారం చేసుకుని మార్గదర్శకాలు జారీ చేసింది. పదహారేళ్ల తర్వాత పార్లమెంటు చట్టం చేసింది. ఆనాడు దాన్ని విదేశీ జోక్యమని అనవలసిన అవసరం రాలేదు. ఎందుకంటే అడిగినవారు ఈ దేశపు మహిళలు, చెప్పింది ఈ దేశపు కోర్టు. ఒడంబడిక వారి చేతికి అందిన కర్ర మాత్రమే.

కాబట్టి బయటి సంస్థలు సంస్కరణను తెచ్చిపెడతాయన్న ఆశనూ, అవే సార్వభౌమత్వాన్ని కాజేస్తాయన్న భయాన్నీ రెండింటినీ తగ్గించుకోవడం మంచిది. అవి చేయదగినవి మూడున్నాయి. నిజాన్ని చెరిగిపోకుండా నమోదు చేయడం మొదటిది. దేశంలోని కోర్టులూ బాధితులూ వాడుకోగల ప్రమాణాన్ని అందుబాటులో ఉంచడం రెండోది. తప్పుడు రాజీకి తమ పేరు ఇవ్వకపోవడం మూడోది. మొదటి రెండింటికీ నిధులు చాలు. మూడోదానికి ధైర్యం కావాలి. ఆతిథ్య ప్రభుత్వం ముఖం చిట్లిస్తుంది, వీసాలు ఆగుతాయి, కార్యాలయాలు మూతపడతాయి. నేపాల్‌లో మానవ హక్కుల కార్యాలయాన్ని 2011 డిసెంబరులో పొడిగించకపోవడం అలాంటిదే.

ఆ ధైర్యానికి పరీక్ష ఇప్పుడు మళ్లీ కాఠ్‌మాండూలోనే ఎదురైంది. సవరించిన చట్టం కింద 2025 మేలో రెండు కమిషన్లకూ కొత్త సభ్యులు వచ్చారు. ఎంపిక పద్ధతిని బాధితుల సంఘాలు వెంటనే తప్పుపట్టాయి. చట్టం మెరుగైంది కాబట్టి ఇక తోడ్పడదామనే తొందర ఐక్యరాజ్యసమితికీ దాత దేశాలకూ సహజంగానే ఉంటుంది. శాంతి ప్రక్రియ ముగిసిందని ప్రకటించి దస్త్రం మూసేయాలని అందరికీ ఉంది. కానీ మంచి చట్టాన్ని నమ్మలేని చేతుల్లో పెడితే అది పాత చట్టం కంటే ప్రమాదం. దానికి ఈసారి మచ్చలేని ముఖం ఉంటుంది. కొత్త కమిషన్లకు పేరు అరువివ్వడానికి ముందు ఆ 63 వేల ఫిర్యాదుదారుల్లో ఎందరు వాటి ఎదుట నోరు విప్పడానికి సిద్ధంగా ఉన్నారో కనుక్కోవాలి. జవాబు వచ్చేదాకా ముద్ర డ్రాయరులోనే ఉండనివ్వాలి.